అల్లుడా, చలి ముదరక ముందే కారు సంగతి చూసుకో

అల్లుడా,

కారు కొన్నవని అక్క ఫోన్ల చెప్పింది. 2016 మోడల్ డీజిల్ స్విఫ్ట్ అట, హైదరాబాదుల ఒకాయన దగ్గర తీసుకున్నవట. మంచి బండే పట్టినవు. ఆ ఇంజన్‌కు టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటది కాబట్టి బెల్ట్ తెగుతదన్న భయం లేదు. కానీ ఇగ నుంచి ప్రతి సోమవారం పొద్దుగాల నాలుగింటికి మిర్యాలగూడల లేచి హైదరాబాదు డ్యూటీకి పోతవని కూడా చెప్పింది. నా మనసు అక్కడ పడ్డది. దీపావళి దాటింది, మంచు పట్టే దినాలు. ఫోన్ల సగం సగం చెప్పేకంటే కూసోని రాస్తున్న, నింపాదిగ చదువు.

మన దిక్కు చలి ఎంత ముదిరినా నీళ్లు గడ్డకట్టవు. యూట్యూబ్ల హిమాచల్ దిక్కోళ్లు చెప్పేవన్నీ నీకు అక్కరలేదు. మన బండ్లను పాడుచేసేది ఎండకాలం. ఏప్రిల్, మే నెలల్ల బ్యాటరీ లోపల దెబ్బతింటది, వైపర్ రబ్బరు ఎండుతది, టైరు పగుళ్లిస్తది. అవన్నీ చలి పొద్దుల బయటపడ్తయి. దానికి తోడు మంచుల తొవ్వ కనపడదు. అందుకే నీ దగ్గర ఉన్న పైసలు ముందు తొవ్వ మంచిగ కనపడేటందుకు, తర్వాత బ్యాటరీకి, టైర్లకు పెట్టు. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ సంక్రాంతి తర్వాత చూసుకోవచ్చు.

కాయితాల సంగతి ఒక్క మాటల చెప్పి పోత. 29, 30 ఫారాల మీద అమ్మినాయన సంతకాలు తీసుకొని 30 దినాలల్ల ఆర్సీ నీ పేరు మీదికి మార్పించుకోవాలె. ఇన్సూరెన్స్‌కు 14 దినాలల్లనే అర్జీ పెట్టుకోవాలె. పేరు మారకపోతే నీ కారుకు దెబ్బ తగిలిననాడు కంపెనీ పైసలియ్యదు. బండి మీద పాత ఫైనాన్స్ ఉంటే అది తీరిందని 35 ఫారం కూడా అడుగు.

ఇగ బండి. అమ్మినాయన "మొన్ననే సర్వీస్ చేయించిన" అన్నడనుకో, బిల్లు ఉంటే నమ్ము, లేకపోతే చెయ్యలేదనే లెక్క. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ నాలుగూ ఒక్కపారే మార్పించు. ఆ తారీఖు, ఆ కిలోమీటర్లు ఒక కాయితం మీద రాసి డాష్‌బోర్డుల పెట్టు. డీజిల్ ఫిల్టర్ అడుగుకు నీళ్లు దిగుతయి, ఎప్పటికప్పుడు తీయించాలె. బ్రేక్ ఆయిల్ గాలిల తేమను పీలుస్తది, రెండేండ్లకోపారి మార్చాలె. ఇది ఎవ్వరూ పట్టించుకోరు, నువ్వు పట్టించుకో.

రేడియేటర్ల మన నల్లగొండ బోరు నీళ్లు మాత్రం పోయకు. మనుషుల పండ్లు, ఎముకలు పాడుచేసిన ఫ్లోరైడ్ నీళ్లు అవి, పైగా ఉప్పు నీళ్లు. లోపల పొక్కు కడ్తది, రేడియేటర్ సన్న గొట్టాలు మూసుకపోతయి. గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకని కొందరు మెకానిక్‌లు అంటరు. కూలెంట్ తుప్పు పట్టనియ్యదు, ఎండకాలం తొందరగ మరగనియ్యదు. ఇంజన్ పూర్తిగ చల్లారినంక మూత తీసి చూడు. ఎర్రమట్టి రంగుల ఉంటే మొత్తం కడిగించి కొత్తది పోయించు. కలిపేటందుకు బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటరే కొను.

బ్యాటరీ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటది. మన ఎండలకు మూడు నాలుగేండ్లు వస్తే గొప్ప. రాత్రంతా ఆగి ఉన్న బండి మీద పొద్దుగాల మీటర్ పెట్టించు. 12.6 వోల్టులుంటే నిండుగ ఉన్నట్టు, 12.4 కంటే కిందికి ఉంటే ఛార్జింగ్ తక్కువైనట్టు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 దగ్గర చూపియ్యాలె. అది చూపియ్యకపోతే తప్పు బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ల ఉన్నట్టు, అప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా దండుగే. టెర్మినళ్ల మీద తెల్లగ, పచ్చగ పొడి పేరుకుంటే ముందు మైనస్ తీగ విప్పి, తుడిపించి, వ్యాజిలిన్ రాయించు. బిగించేటప్పుడు మైనస్ ఆఖరుకు.

డీజిల్ బండిని పెట్రోల్ బండి లెక్క తాళం పెట్టంగనే తిప్పకు. తాళం ఆన్ చేస్తే స్ప్రింగ్ బొమ్మ లైటు వెలుగుతది. అది ఆరినంక స్టార్ట్ చెయ్యి. ఎక్కువసేపు తిరిగి, తెల్ల పొగ కొట్టి, అదిరి అదిరి స్టార్ట్ అయితే, ఇంజన్‌ను ముందుగాల వేడిచేసే హీటర్ ప్లగ్గులు చూపించు. స్టార్ట్ అయినంక అర నిమిషం ఆగితే చాలు, వేడి ముల్లు పైకొచ్చేదాకా తేలికగ నడుపు. తలుపులు మూసిన షెడ్డుల మాత్రం ఇంజన్ నడిపియ్యకు. ఆ పొగల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, దానికి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపల ప్రాణం పోతది.

టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడు. 3219 అని ఉంటే 2019ల 32వ వారం తయారైనట్టు. గాళ్లల్ల చిన్న చిన్న గట్లుంటయి, టైరు వాటి దాకా అరిగితే అంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలితే తీసెయ్యాలె. పైకి గాళ్లు మంచిగున్నా పక్క గోడ పగుళ్లిస్తే కూడా తీసెయ్యాలె. స్టెప్నీని కూడా కిందికి దింపి చూడు. గాలి పొద్దుగాల టైరు చల్లగున్నప్పుడే కొట్టించు, ఎంత కొట్టాల్నో డ్రైవర్ తలుపు తీస్తే కనపడే స్టిక్కర్ మీద ఉంటది. చలికి పది డిగ్రీలు పడిపోతే ఒకటిన్నర, రెండు పాయింట్లు దానంతట అదే తగ్గుతది.

ఇప్పుడు అసలు సంగతి.

అద్దం లోపలి దిక్కు జిడ్డు పట్టి ఉంటది, పాత బండ్లన్నిటికీ ఉంటది. పగలు తెల్వదు, రాత్రి ఎదురు లైటు పడంగనే అద్దమంతా తెల్లగ పరుచుకుంటది. తడి గుడ్డతోటి తుడిచి, పేపరుతోటి ఆరదుడువు. వైపర్ రబ్బర్లు కొత్తవి వేయించు. 2016 బండంటే హెడ్‌లైట్ ప్లాస్టిక్ పసుపు పట్టే ఉంటది, పాలిష్ పట్టిస్తే వెలుగు ఎంత మారుతదో నీకే కనపడుతది. చలికాలం ఏసీ ఎందుకని బంద్ పెట్టకు. లోపల అద్దానికి ఆవిరి పడితే ఏసీ వేసి, గాలి అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికొచ్చేటట్టు పెట్టు. ఏసీ తేమను గుంజుతది. చేత్తోటి తుడుసుకుంట నడిపేటోళ్లను చూస్తే నాకు గుండె దడ.

మంచుల హై బీమ్ వెయ్యకు. ఆ వెలుగు మంచుకు తగిలి నీ కండ్లల్లనే పడుతది. లో బీమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవి, అంతే. బండి కదులుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లు వెయ్యకు, నువ్వు ఆగినవో పోతున్నవో వెనకోనికి తెల్వదు. అసలే కనపడకపోతే రోడ్డు పక్కన ఆపకు, పెట్రోల్ బంకులకో దాబాలకో పూర్తిగ లోపలికి పో. ఆగినంక ఇంజన్ బంద్ చెయ్యి, అద్దాలెక్కించి ఏసీ నడుపుకుంట నిద్రపోకు.

నీ తొవ్వ నాకు తెలుసు. మిర్యాలగూడ దాటంగనే వేములపల్లి దిక్కు సాగర్ ఎడమ కాల్వ కింది పొలాలు, తడి నేల. మంచు ముందు అక్కడనే దిగుతది. ఈ దినాలల్ల రైస్ మిల్లులకు వడ్ల ట్రాక్టర్లు వరుస కడ్తయి, వెనక లైటు ఉన్నది ఒక్కటి కనపడదు. కల్లాలు లేక రైతులు రోడ్డు మీదనే వడ్లు ఆరబోస్తరు, పొద్దుమూకినంక కుప్ప చేసి నల్ల పట్టా కప్పి చుట్టూ బండరాళ్లు పెడ్తరు. నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప, దగ్గరికొచ్చేదాకా తెల్వదు. వాళ్లకు వేరే జాగ లేదు, నిదానంగ పోవాల్సింది మనమే. మాఘంల చెర్వుగట్టు జాతరప్పుడు నల్లగొండ, నార్కట్‌పల్లి నడుమ జనం రాత్రంతా నడుసుకుంట పోతరు. నార్కట్‌పల్లి దాటి 65వ నంబరు హైవే ఎక్కినంక చిట్యాల, చౌటుప్పల్ దిక్కు దాబాల ముందర లారీలు సగం రోడ్డు మీదనే ఆగి ఉంటయి. లైట్ల మీద నమ్మకం పెట్టుకోకు. కనపడేంత దూరంలోపల ఆగగలిగే స్పీడే నీ స్పీడు.

నా మాట వింటే డిసెంబర్, జనవరి రెండు నెలలు సోమవారం నాలుగింటి ప్రయాణం మానుకో. ఆదివారం పగలే పోయి అక్కడ పండుకో. సంక్రాంతికైతే పంతంగి టోల్‌గేట్ కాడ బండ్లు ఎట్ల నిలుస్తయో నీకు తెలుసు, నాలుగు దినాలు ముందే వచ్చెయ్.

మరిచిన, ఎలుకలు. కోతలు కాంగనే పొలాల ఎలుకలు ఇండ్ల దిక్కు వస్తయి, రాత్రి వెచ్చగున్న ఇంజన్ల దూరి వైర్లు కొరుకుతయి. మీ ఇంటి పక్కన వడ్ల గోదాం ఉన్నది కదా. బండ్ల తినే వస్తువులు ఉంచకు, వారానికి రెండుపార్లు బోనెట్ ఎత్తి చూడు. పొద్దుగాల స్టార్ట్ చేసే ముందు బోనెట్ మీద రెండు దెబ్బలు కొట్టు, పిల్లి గిట్ల పండుకుంటే లేచి పోతది.

వచ్చే ఆదివారం బండి తీసుకొని నల్లగొండ రా. ఆర్సీ, ఇన్సూరెన్స్, సర్వీస్ పుస్తకం, రెండు తాళాలు తెచ్చుకో. బ్యాటరీకి మీటర్ పెట్టిద్దాం, టైర్లు నేను కూడా చూస్త. మీ అత్త నాటుకోడి కొంటనంటున్నది, అక్కను కూడా ఎక్కించుకొని రా.

మీ మామ,
నల్లగొండ