కథలో పాత్రకు చిన్నప్పుడు సైన్సు మీద ఆసక్తి ఉంటే, పెద్దయ్యాక సైంటిస్టు కావాల్సిందేనా?

అక్కర్లేదు, చిన్నప్పటి ఆసక్తి తేల్చేది పాత్ర చేసే ఉద్యోగాన్ని కాదు, కష్టం వచ్చిన రోజు ఆ పాత్ర దేన్ని నమ్ముతుందో.

"ఎందుకు?" అని అడిగి జవాబు వెతుక్కున్న పిల్లలకు, ఎవరు చెప్పిన మాటనైనా ఒకసారి సరిచూసుకునే అలవాటు పడుతుంది. అందరూ ఒక దారిన పోతుంటే ఆ పాత్ర ఆగుతుంది. కథ మలుపు తిరిగేది అక్కడే.

నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర రొయ్యల గుంటల మీద పెరిగిన ఒక అమ్మాయిని ఊహించండి. తెల్లారుజామున రొయ్యలు ఎందుకు పైకి తేలుతున్నాయని ఏడేళ్లప్పుడు నాన్నను అడిగింది. పగలు ఎండ తగిలితే నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ తయారీ ఆగిపోతుంది, కానీ నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందుకే పొద్దు పొడిచే ముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతాయి. పగలంతా మబ్బు పడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇది మనసుకు పట్టిన పిల్ల, పాతికేళ్లప్పుడు ఒక ముసురు సాయంత్రం, కరెంటు బిల్లుకు భయపడి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆపమని చెప్పిన అన్నయ్య మాట వినదు. పంట దక్కుతుంది, అన్నతో మాటలు పోతాయి. రెండూ ఆ చిన్ననాటి ప్రశ్న ఫలితమే.

చాలామంది పొరబడేది ఒకచోట: మొదటి అధ్యాయంలో పిల్లాడి చేతికి భూతద్దం ఇస్తే చాలు, ఇక అంతా మంచే జరుగుతుందనుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఎలా దొరికిందన్నది అంతకంటే ముఖ్యం. నాన్న కసురుకుని ఉంటే, ఆ అమ్మాయే ఎవరికీ చెప్పకుండా గుంటలో ప్రయోగాలు చేసే మనిషయ్యేది. అప్పుడు పోయేది పంటే కావచ్చు.