నవాహో పిల్లలు తమ పెద్దల మాటలను చిత్రీకరించడానికి చందాలు ఎలా సేకరించాలి?

నవాహోలు అమెరికాలోని ఒక గిరిజన జాతి. ఫీనిక్స్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల దగ్గర చందాలు పోగుచేసి, తమ పెద్దల మాటలను వీడియో తీసుకునేందుకు నవాహో కుర్రవాళ్లకు కెమెరాలు కొనివ్వాలనుకుంటున్నామని, అందుకు క్రౌడ్‌ఫండింగ్ పేజీ ఒక్కటి సరిపోతుందా అని అడిగారు. నేను ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉంటాను. మా ఆఫీసులోని ఒక నవాహో మిత్రురాలి ద్వారా నవాహోల ఊరు చిన్లీ దగ్గరి యువజన బృందానికి ఇలాంటి చందాల పనే చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: కెమెరాల జోలికి చివర్లో వెళ్లండి.

కెమెరాకు డబ్బు అడిగితే ఎవరైనా ఇస్తారు. కానీ అసలు ఖర్చు అది కాదు. కాస్త మంచి ఫోను, ట్రైపాడ్, కాలర్ మైకు, దానికి గాలిని ఆపే బొచ్చు తొడుగు ఉంటే చాలు. ఆ తొడుగు మాత్రం మరవకండి, అక్కడి గాలికి సగం మాటలు వినబడవు. నవాహోల సొంత పాలనలో ఉన్న నవాహో నేషన్ అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో దాదాపు 70,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఒక పెద్దాయన ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి మట్టిరోడ్డు మీద గంట పట్టవచ్చు. వాన పడితే ఆ రోజుకు ప్రయాణం లేనట్టే. చాలా ఇళ్లకు ఇప్పటికీ కరెంటు లేదు కాబట్టి ఛార్జింగు కూడా పికప్ ట్రక్కు నుంచే. పెట్రోలు, బ్యాటరీలు, పెద్దలకు ఇచ్చే సంభావన ముందు లెక్క వేయండి. వాళ్లింటికి ఉత్త చేతులతో వెళ్లరు. కాఫీ పొడి, పిండి, గొర్రె మాంసం, వంటచెరకు పట్టుకెళతారు.

మా పేజీలో ఆ పెద్దల గొర్రెలకు ఎండుగడ్డి అన్న పద్దు చూసి, సినిమాకు గడ్డి ఎందుకని మనవాళ్లే వాట్సాప్‌లో వేళాకోళం చేశారు. వాళ్లకు జవాబుగా ఒక పాత సంగతి చెప్పాను. 1966లో సోల్ వర్త్, జాన్ అడైర్ అనే ఇద్దరు పరిశోధకులు నవాహోల చేతికి కెమెరాలిచ్చి వాళ్లతోనే సినిమాలు తీయించడానికి అరిజోనాలోని పైన్ స్ప్రింగ్స్ అనే నవాహో ఊరు వెళ్లారు. అక్కడి వృద్ధ సంప్రదాయ వైద్యుడు శామ్ యాజీ, దీనివల్ల గొర్రెలకు ఏమైనా హాని ఉందా అని అడిగాడు. లేదన్నారు. పోనీ మేలేమైనా ఉందా? అదీ లేదన్నారు. మరి తీయడం దేనికని అడిగాడట. ఈ సంగతి గ్రూపులో పెట్టాక గడ్డి పద్దుకు వచ్చినంత డబ్బు దేనికీ రాలేదు.

అన్నిటికన్నా ఎక్కువ పట్టేది మాటలను రాతలోకి దించే పనికి. ఒక ఇంట్లో మనవడు ఫోను ట్రైపాడ్‌కు బిగించగానే అమ్మమ్మ ముందు నీ వంశాలు చెప్పు అంది. తల్లి వంశం, తండ్రి వంశం, అమ్మ తండ్రి వంశం, నాన్న తండ్రి వంశం అని నాలుగూ వరసగా చెప్పాలి. (మన గోత్రాల్లాగే ఒకే వంశంలో పెళ్లి చేసుకోరు, అయితే వంశం అక్కడ తల్లి నుంచి వస్తుంది.) కుర్రవాడు మూడు చెప్పి ఆగిపోతే ఆవిడే నాలుగోది అందించింది. తర్వాత ఆవిడ చెప్పినదాంట్లో సగం అతనికి అర్థం కాలేదు, పక్కన కూర్చున్న పిన్ని ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. నవాహో మాట్లాడేవాళ్లలో రాయడం వచ్చినవాళ్లు బాగా తక్కువ. గంటసేపటి మాటలను రాసి, ఇంగ్లీషులోకి మార్చి, మళ్లీ ఆవిడకు వినిపించి సరిచూడటానికి రోజులు పడుతుంది. సాయిలీలో డినే కాలేజీ ఉంది. 1968లో మొదలైంది, అమెరికాలో ఒక గిరిజన జాతి సొంతంగా నెలకొల్పుకున్న మొదటి కాలేజీ. అక్కడ భాష చదివే విద్యార్థులను వెతికి, గంటల లెక్కన డబ్బిచ్చి పెట్టుకోండి. ఉచిత సేవగా అడగకండి.

దాతలు సూక్తులు వినాలనుకుంటారు. పెద్దలు చెప్పేవి వేరే ఉంటాయి. 1930లలో ప్రభుత్వం మేత చాలదంటూ గొర్రెలను బలవంతంగా తగ్గించిన కాలం గురించి తల్లిదండ్రుల నోట విన్నవి, బోర్డింగ్ బడుల్లో సొంత భాష మాట్లాడితే పడిన దెబ్బలు, 1944 నుంచి 1986 దాకా సాగిన యురేనియం గనుల్లో పనిచేసి జబ్బుపడిన అన్నదమ్ములు. ఇవన్నీ మీకు పంపుతారని మాత్రం అనుకోకండి. వీడియో ఎవరు చూడాలో ఆ కుటుంబం నిర్ణయిస్తుంది. పూజా క్రతువులు అసలు తీయరు. మనిషి పోయాక ఆ బొమ్మ చూడటం కొందరికి ఇష్టం ఉండదు. అందుకే పేజీలో మొట్టమొదటి వాక్యంగా ఈ వీడియోలు మీరు చూడలేకపోవచ్చు అని రాయండి. డబ్బిచ్చి చూడకూడదా అని మాతో ఒకాయన పోట్లాడి తప్పుకున్నారు, మంచిదే అయింది. విరాళానికి బదులుగా ఏదో ఒకటి ఇస్తామని మాట ఇవ్వాల్సిన వెబ్‌సైట్లు ఈ పనికి పనికిరావు.

డబ్బు మీ సొంత ఖాతాలో వేయించుకోకండి. దాతలకు పన్ను మినహాయింపు రాదు, ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీలు తమ వంతు కలిపి ఇవ్వవు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఆ రెండో సగమే పెద్ద మొత్తం. రిజిస్టరైన ధార్మిక సంస్థ ఏదైనా కొద్ది శాతం తీసుకుని మీ తరఫున ఖాతా నడపవచ్చు. లేదా నేరుగా ఆ ఊరి చాప్టర్‌కే ఇవ్వవచ్చు. నవాహో నేషన్‌లో 110 చాప్టర్లున్నాయి, స్థానిక పాలన వాటిదే. ప్రజోపయోగానికి ఇచ్చే విరాళాల విషయంలో అమెరికా పన్ను చట్టం గిరిజన ప్రభుత్వాలను రాష్ట్రాలతో సమానంగా చూస్తుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు నవాహో మాజీ అటార్నీ జనరల్ ఎథెల్ బ్రాంచ్ మొదలుపెట్టిన నిధికి ఐర్లండ్ నుంచి కూడా వేలమంది పంపారు. 1847 కరువులో చాక్టా జాతి ఐరిష్ వాళ్లకు పంపిన సాయాన్ని తలచుకుని ఇచ్చారు. ఆ నిధిని నడిపింది నవాహోలు, పొరుగు జాతి హోపీలే. మీ పేజీ కూడా పిల్లల బృందం పేరు మీద, వాళ్ల మాటల్లో ఉండాలి. మీరు పంచిపెట్టండి, అంతే.

పేజీ సెప్టెంబరులో తెరవండి. కయోటీ (నక్కలాంటి జంతువు) కథలు, వేళ్ల మధ్య దారంతో ఆకారాలు కట్టే ఆట చలికాలంలోనే. వసంతంలో తొలి ఉరుము వినబడిందంటే ఇక చెప్పరు. డిసెంబరు చివర్లో పన్ను లెక్కల కోసం వచ్చే చందాల మీద ఆధారపడితే సగం చలికాలం అయిపోతుంది.

మీరే వెళ్లి తీయాలనుకుంటే నవాహో నేషన్ రాజధాని విండో రాక్‌లో అనుమతి తీసుకోవాలి. ఇంకో చిన్న సంగతి: వేసవిలో నవాహో నేషన్ గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది, ఫీనిక్స్ జరపదు. మార్చి నుంచి నవంబరు దాకా ఫోన్ సమావేశాలు ఎవరి టైములో పెడుతున్నారో రాసిపెట్టుకోండి.