లాక్‌డౌన్‌లో తిరుమల శ్రీవారి పూజలు ఆగిపోయాయా?

లేదు, 2020 మార్చి 20 నుంచి ఆగింది భక్తుల దర్శనం ఒక్కటే. తిరుమలలో పాటించే పూజా శాస్త్రం వైఖానస ఆగమం ప్రకారం నిత్య కైంకర్యాలు (రోజువారీ సేవలు) స్వామికి జరగాల్సినవి; చూసేవారు ఉన్నా లేకున్నా అర్చకులు చేసి తీరాలి. అందుకే సుప్రభాతం, తోమాల (పూలమాలల సేవ), అర్చన, మూడు పూటలా నైవేద్యం, రాత్రి ఏకాంత సేవ అన్నీ ఏకాంతంగా, అంటే భక్తులు లేకుండా సాగాయి.

దర్శనాలు జూన్‌లో మళ్లీ మొదలయ్యాక, కొవిడ్ ఆంక్షల నడుమ జరిగిన ఆ సెప్టెంబరు బ్రహ్మోత్సవాలే చూడండి. లక్షల మంది ఎదురుచూసే గరుడ వాహన సేవ మాడ వీధుల్లోకి రాలేదు, లోపలి కల్యాణోత్సవ మండపంలోనే జరిగింది. చివరి రోజు చక్రత్తాళ్వార్‌కు చేయించే చక్రస్నానం కూడా పుష్కరిణిలో కాదు, ఆలయంలోనే అమర్చిన నీటి తొట్టిలో. భక్తులకు టీవీ ప్రసారమే దిక్కైంది.

చాలామంది దీన్ని గ్రహణం మూతతో కలిపేస్తారు. గ్రహణానికి తలుపులు మూసి, తర్వాత శుద్ధి, పుణ్యాహవచనం చేశాకే దర్శనాలు మొదలవుతాయి. లాక్‌డౌన్‌లో అలా కాదు, రోజూ తెల్లవారుజామునే సుప్రభాతంతో సన్నిధి తలుపులు తెరుచుకున్నాయి.