కొండల కౌంటీలో ప్రాసిక్యూటర్ ఉద్యోగం: ఉన్న ఇల్లు అమ్మి అప్పు తీర్చాలా?

ప్రశ్న: మాది సియాటిల్ పక్కన బోథెల్. నేను కింగ్ కౌంటీలో డిప్యూటీ ప్రాసిక్యూటర్‌ని, జీతం ఏడాదికి 1.38 లక్షల డాలర్లు. కాస్కేడ్ పర్వతాలకు తూర్పున ఉన్న ఓకనోగన్ కౌంటీలో చీఫ్ డిప్యూటీగా, పెద్ద కేసులన్నీ నడిపే బాధ్యతతో రమ్మంటున్నారు. అక్కడ జీతం 1.21 లక్షలు. మావారిది 1.65 లక్షల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు. నాలుగేళ్ల పాప ఉంది. నా లా స్కూలు అప్పు ఇంకా 1.48 లక్షలు, ఆదాయాన్ని బట్టి వాయిదా లెక్కకట్టే ఐబీఆర్ పద్ధతి కింద నెలకు 930 డాలర్లు కడుతున్నాను. రుణమాఫీ పథకంలో 78 వాయిదాలు లెక్కకు వచ్చాయి. ఇప్పుడున్న ఇల్లు అమ్మితే 2.6 లక్షలు చేతికొస్తాయి. వాటిలో అప్పు తీర్చేసి, మిగిలింది కట్టి ఆ కౌంటీలోని విన్‌త్రాప్ దగ్గర 7.4 లక్షలకు ఐదెకరాల ఇల్లు కొందామని మావారు అంటున్నారు. గుమ్మంలోంచి మెథావ్ నది కనిపిస్తుంది. జులైలో చూసి వచ్చినప్పటినుంచి మనసంతా అక్కడే ఉంది. ఈ పని చేయవచ్చా?

జవాబు: మీ మనసంతా నది మీదే ఉంది, అప్పు గురించి రెండు మూడు వాక్యాలే రాశారు. నాకు మాత్రం ఆ వాక్యాల దగ్గరే చూపు ఆగిపోయింది. ఉద్యోగం తీసుకోండి. అప్పు మాత్రం తీర్చకండి.

అప్పు లేనివాడే అధిక సంపన్నుడని వింటూ పెరిగిన వాళ్లం కాబట్టి మీవారి తొందర నాకు అర్థమవుతుంది. కానీ మీది మామూలు అప్పు కాదు. 2007 చట్టంతో వచ్చిన ప్రజాసేవ రుణమాఫీ పథకంలో, ప్రభుత్వోద్యోగం పూర్తికాలం చేస్తూ 120 వాయిదాలు కడితే మిగిలిన బాకీ మొత్తం రద్దవుతుంది. రద్దయిన సొమ్ము మీద ఫెడరల్ ఆదాయపు పన్ను కూడా ఉండదు. మీకు మిగిలినవి 42 వాయిదాలు, అంటే మూడున్నరేళ్లు. కింగ్ కౌంటీ అయినా ఓకనోగన్ కౌంటీ అయినా ఈ పథకానికి ఒకటే, పాత లెక్క మీ వెంటే వస్తుంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. వాషింగ్టన్ రాష్ట్రంలో భార్యాభర్తల సంపాదన ఉమ్మడి ఆస్తి. అందుకే మీరిద్దరూ విడివిడిగా రిటర్నులు వేసినా, ఇద్దరి జీతాలూ కలిపి చెరి సగం చూపించాలి. న్యూజెర్సీలో ఉన్న మిత్రులు చెప్పే ‘విడిగా వేస్తే నీ జీతం ఒక్కటే లెక్క’ అన్న చిట్కా ఇక్కడ అలాగే పనిచేయదు. మీరు కడుతున్న 930 కూడా ఈ సగం లెక్కకే సరిపోతోంది. కొత్త జీతంతో మీ ఇద్దరి ఆదాయం 2.86 లక్షలు, మీ వాటా 1.43 లక్షలు. ఐబీఆర్‌లో ముగ్గురి కుటుంబానికి 2025 లెక్కన సుమారు 40 వేలు మినహాయించి, మిగిలిన దానిలో 10 శాతం కట్టాలి. నెలకు 860 డాలర్ల దగ్గర తేలుతుంది. 42 నెలలకు దాదాపు 36 వేలు. ఆ వాయిదాల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది కాబట్టి అసలు పెద్దగా కరగదు, చివరికి రద్దయ్యేది అదే. మీవారి పద్ధతిలో 1.48 లక్షలు పోతాయి, నా పద్ధతిలో 36 వేలు. తేడా 1.12 లక్షలు. ఇల్లు అమ్మాక మీరు డౌన్‌పేమెంటుగా పెట్టాలనుకున్న సొమ్ము కూడా సరిగ్గా అంతే.

కలిపి రిటర్ను వేస్తే ఇద్దరి ఆదాయమూ వాయిదా లెక్కలోకి వచ్చి ఈ లాభం బాగా తగ్గిపోతుంది. కాబట్టి విడివిడిగానే కొనసాగించండి. ఆదాయం చెరి సగం పడుతుంది కనుక పన్ను భారం పెద్దగా పెరగదు. పాప సంరక్షణ ఖర్చు మీద వచ్చే రాయితీ మాత్రం పోతుంది, దానికి బాధపడకండి. 2026 జులై 1 నుంచి అమలయ్యే ర్యాప్ అనే కొత్త వాయిదా పద్ధతికి మారమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. అందులో మినహాయింపు లేకుండా మొత్తం ఆదాయం మీద 10 శాతం పడుతుంది. పాపకు నెలకు 50 తగ్గించినా మీ వాయిదా 1,140 దాటుతుంది. ఇక ప్రైవేటు బ్యాంకు తక్కువ వడ్డీ చూపించి ఈ అప్పును తన దగ్గరికి మార్చుకోమంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజుతో 78 వాయిదాలూ గాలికి పోయినట్టే.

ఉద్యోగంలో నాకు కనిపించే అసలు ప్రమాదం జీతం తగ్గడం కాదు. వాషింగ్టన్‌లో కౌంటీ ప్రాసిక్యూటర్‌ను నాలుగేళ్లకోసారి ప్రజలు ఎన్నుకుంటారు, తర్వాతి ఎన్నిక 2026 నవంబరులో. డిప్యూటీల నియామకాన్ని ప్రాసిక్యూటర్ ఎప్పుడైనా రద్దు చేయవచ్చని రాష్ట్ర చట్టమే చెబుతోంది. కొత్త ప్రాసిక్యూటర్ వస్తే మొదట మార్చేది తన కుడిభుజాన్నే, అంటే చీఫ్ డిప్యూటీని. సియాటిల్‌లో ఉద్యోగం పోతే పది కార్యాలయాల తలుపులు తట్టవచ్చు. ఓకనోగన్‌లో అలా కుదరదు, పక్కన ఉన్న చెలాన్ కౌంటీకో డగ్లస్ కౌంటీకో మారాలి. ఓకనోగన్‌లోనే ప్రైవేటు ప్రాక్టీసు పెట్టుకుంటే బతుకుతెరువు దొరుకుతుంది, మాఫీ లెక్క మాత్రం ఆగిపోతుంది. అందుకే 7.4 లక్షల ఇల్లు నెత్తిన పెట్టుకుని ఎన్నిక ఫలితం కోసం ఎదురుచూడటం నాకు ఇష్టం లేదు. ఇల్లు అమ్మిన సొమ్ములో తొమ్మిది నెలల ఖర్చు పక్కన పెట్టండి. కౌంటీలో 457 పథకం ఉంటే దానిలోనూ వేయండి. ఉద్యోగం వదిలాక వయసుతో పని లేకుండా 10 శాతం జరిమానా లేకుండా తీసుకోగలిగే పదవీ విరమణ ఖాతా అది. ఒడుదొడుకుల ఉద్యోగానికి అంతకన్నా మంచి తోడు లేదు.

పెన్షను గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. రెండు కౌంటీలూ ప్రభుత్వోద్యోగుల కోసం రాష్ట్రం నడిపే పెర్స్ పెన్షను పథకంలోనే ఉన్నాయి కాబట్టి మీ సర్వీసు తెగదు. అందులోని ప్లాన్ 2లో సర్వీసు ఏడాదికి 2 శాతం చొప్పున, అత్యధికంగా సంపాదించిన వరుస 60 నెలల సగటు మీద లెక్క కడతారు. 20 ఏళ్లు చేస్తే 40 శాతం వస్తుంది. ‘కింగ్ కౌంటీ వదులుతున్నాను కదా, కట్టింది వెనక్కి తీసుకుందాం’ అన్న ఆలోచన రానివ్వకండి.

ఇక ఇల్లు. విన్‌త్రాప్ అందం నాకు తెలుసు, అది ఉన్న మెథావ్ లోయలో వంద మైళ్లకు పైగా స్కీ దారులున్నాయి. వారాంతపు ఇళ్లు కొనే సియాటిల్ వాళ్లు కూడా ఆ సంగతి ఎరుగుదురు కాబట్టే అక్కడి ధరలు అక్కడి జీతాలకు అందవు. కానీ మీ కోర్టు విన్‌త్రాప్‌లో లేదు, ఓకనోగన్ పట్టణంలో ఉంది. మధ్యలో సుమారు 40 మైళ్లు, నాలుగు వేల అడుగుల ఎత్తున్న లూప్ లూప్ కనుమ దాటాలి. రానూపోనూ 80 మైళ్లు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2025లో కారు ఖర్చు మైలుకు 70 సెంట్లుగా పెట్టింది. ఆ లెక్కన రోజుకు 56 డాలర్లు, ఏడాదికి 230 పనిదినాలు వేసుకుంటే 12,880. ఉద్యోగానికి వెళ్లిరావడానికి అయ్యే ఖర్చుకు పన్ను మినహాయింపు కూడా రాదు. జీతంలో తగ్గిన 17 వేలకు ఇది కలిపి చూడండి. సియాటిల్‌కు దగ్గరి దారి అయిన నార్త్ కాస్కేడ్స్ రహదారిని ఏటా చలికాలంలో మూసేస్తారు. పండక్కి బంధువుల ఇంటికి వెళ్లాలన్నా చుట్టు తిరిగి వెళ్లాలి.

మంటల సంగతి మర్చిపోకండి. 2014లో కార్ల్టన్ కాంప్లెక్స్ కార్చిచ్చు ఆ కౌంటీలో రెండున్నర లక్షల ఎకరాలకు పైగా తగలబెట్టింది, మూడు వందలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. 2021లో మళ్లీ ఆ లోయలోనే రెండు పెద్ద మంటలు లేచాయి. కాబట్టి ఏ ఇల్లయినా సరే, బయానా ఇచ్చే ముందే బీమా ధర రాతపూర్వకంగా తెప్పించుకోండి. బీమా కంపెనీ ఒప్పుకోకపోతే బ్యాంకు రుణం ఇవ్వదు. బావి నీటి హక్కు కాగితాలు కూడా అడగండి, మెథావ్ లోయలో కొత్త బావులకు కట్టుబాట్లున్నాయి. మీరు పంపిన ప్రకటనలో ఐదెకరాలు, నది, వంటగది అన్నీ ఉన్నాయి, బావి మాట మాత్రం లేదు.

మొదటి ఏడాది ఓకనోగన్ పట్టణం లేదా దాని పక్కనున్న ఓమక్ వైపు అద్దెకు ఉండండి. శనివారాలు లోయకు వెళ్లవచ్చు, కొండలు ఎక్కడికీ పోవు. ఎన్నిక ముగిసి, కొత్త పదవీకాలంలో మీ కుర్చీ పదిలంగా ఉందని తేలాక ఇంటి మాట ఎత్తండి. మీవారి ఆరోగ్య బీమాకు ఓమక్, వెనాచీ ఆసుపత్రులు నెట్‌వర్కులో ఉన్నాయో లేదో అద్దె ఒప్పందానికి ముందే కనుక్కోండి.

కింగ్ కౌంటీలో ఆఖరి రోజుకు ముందు మాఫీ పథకపు ఉద్యోగ ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేయించుకోండి. రెండు ఉద్యోగాల మధ్య ఒక నెల పూర్తిగా ఖాళీ రాకుండా చూసుకోండి, ఆ నెల లెక్కలోకి రాదు. ఇల్లు చూడటానికి జులైలో వెళ్లామన్నారు. ఫిబ్రవరిలో ఒక సోమవారం మళ్లీ వెళ్లండి. ముందురోజు రాత్రి విన్‌త్రాప్‌లో పడుకుని, పొద్దున్న ఏడింటికి మంచు పడుతుండగా మీరే కారు నడుపుకుంటూ కనుమ దాటి కోర్టు మెట్ల దాకా వెళ్లండి. ఆ సాయంత్రం మీవారితో మాట్లాడి నాకు రాయండి, ఇంటి లెక్క మళ్లీ చేద్దాం.