డేటాబేస్‌కు కాపలా పెట్టే ముందు

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక చూశాను. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లన్నీ వరుసగా రాసి, ధర ఎంత, గ్రాఫులు ఎలా ఉన్నాయి, ఫోన్ యాప్ ఉందా లేదా అని గళ్ళు గీసి మార్కులు వేశావు. శ్రద్ధగానే చేశావు. కానీ అసలు గడి ఒకటి అందులో లేదు. మీ రొయ్యల ప్లాంటులో లాట్‌ల లెక్కలు దాచే డేటాబేస్ పడిపోయిందని ఎప్పుడు అంటారు? అది తేలనంతవరకు ఏ సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని మార్కులు వేసినా ఒకటే.

భీమవరం చుట్టుపక్కల పట్టుబడులు జోరుగా ఉన్న రాత్రి ఎలా ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఐస్ వేసిన రొయ్యల ట్రేలతో బళ్ళు గేటు దగ్గర బారులు తీరతాయి. తూకం వేసి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూసి, లాట్ నంబరు ఇచ్చి కంప్యూటర్‌లో నమోదు చేస్తే తప్ప సరుకు లోపలికి కదలదు. ఏ చెరువు సరుకు ఏ లాట్‌లో ఉందో రేపు ఎగుమతి కాగితాల్లో చూపించాలి కాబట్టి ఆ నమోదును దాటవేయడానికీ లేదు. అప్పుడు గేటు దగ్గరి గుమస్తా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ నడుస్తోందా అని అడగడు. "సేవ్ నొక్కితే తిరుగుతూనే ఉందండీ" అంటాడు. అతని లెక్కలో సర్వర్ పడిపోయినట్టే. నీ లెక్క కూడా అదే కావాలి. అందుకని ముందు ఒక వాక్యం రాసుకో: గేటు దగ్గరి కంప్యూటర్ నుంచి ఒక లాట్ నమోదు అయిదు సెకన్లలో పూర్తి కావాలి, కాకపోతే డేటాబేస్ అందుబాటులో లేదు. అయిదా పదా అన్నది మీ మేనేజరుతో కూర్చుని తేల్చుకో. వాక్యం మాత్రం కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు ఆ వాక్యాన్ని నీ పట్టికలోని సాఫ్ట్‌వేర్ల పక్కన పెట్టి చూడు. చాలావాటిలో మొదట చేతికి దొరికే తనిఖీ పింగ్. యంత్రం ఆన్‌లో ఉందనే తప్ప అది ఇంకేమీ చెప్పదు. దాని తరువాత పోర్టు తనిఖీ: డేటాబేస్‌లోకి వెళ్ళే నెట్‌వర్కు ద్వారం, అంటే మైఎస్‌క్యూఎల్‌కు 3306 గానీ, పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కు 5432 గానీ, తెరిచి ఉందా అని. డేటాబేస్ ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు కూడా పోర్టు తెరిచే ఉండవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో కనెక్షన్ల పరిమితిని ఎవరూ మార్చకపోతే 151 ఉంటుంది. ఏదో ఒక రిపోర్టు ప్రోగ్రాము కనెక్షన్లు తెరిచి మూయకుండా వదిలేస్తే అవి నిండిపోతాయి. అప్పుడు పోర్టు పలుకుతుంది, గుమస్తాకు మాత్రం లోపలికి దారి ఉండదు. మైఎస్‌క్యూఎల్‌అడ్మిన్ పింగ్ అనే ఆదేశం ఇంకో అడుగు ముందుంటుంది కానీ, పాస్‌వర్డు తప్పని సర్వర్ తిప్పి పంపినా అది విజయమనే చెబుతుంది, ఎందుకంటే జవాబు వచ్చింది కదా. పోస్ట్‌గ్రెస్ వారి పీజీ ఈజ్‌రెడీ ఆదేశం కూడా సరైన యూజరు పేరు, పాస్‌వర్డు లేకుండానే జవాబిస్తుంది. ఇవి చెడ్డవని అనడం లేదు. వాటిని అడిగిన ప్రశ్నకే అవి జవాబు చెబుతున్నాయి. నీ ప్రశ్న వేరు.

సెలెక్ట్ 1, అంటే డేటాబేస్‌ను ఒక అంకె అడిగి చదివే చిన్న ప్రశ్న, నడిపితే చాలు కదా అంటావేమో. చాలదు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఆర్కైవ్ లాగులు, అంటే మార్పుల చిట్టా నకళ్ళు, పడే చోటు నిండిపోతే రాతలు నిలిచిపోతాయి. అప్పటికే లోపల ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు, మామూలు యూజరు కొత్తగా లాగిన్ కావాలంటే ఓఆర్ఏ-00257 అనే లోపం వస్తుంది. ఎప్పుడో తెరిచి పెట్టుకున్న కనెక్షన్‌లోనే తనిఖీ జరుగుతుంటే గ్రాఫు పచ్చగా మెరుస్తూనే ఉంటుంది, కింద పని మొత్తం ఆగి ఉంటుంది. అలాగే ప్రధాన సర్వర్ పోయి రెప్లికాకు, అంటే దాని నకలు సర్వర్‌కు, మారినప్పుడు, దాని మీద రీడ్ ఓన్లీ (చదవడమే తప్ప రాయనివ్వని) అమరిక తీయడం ఎవరైనా మరిచిపోతే సెలెక్ట్ చక్కగా పనిచేస్తుంది, ఒక్క లాట్ కూడా నమోదు కాదు.

అందుకే డేటాబేస్‌లోనే చిన్న పట్టిక ఒకటి పెట్టు, అందులో ఒకే వరుస. ప్రతి అరనిమిషానికీ కొత్తగా కనెక్ట్ అయి ఆ వరుసలో సమయం మార్చాలి, తిరిగి చదవాలి, బయటికి రావాలి. ఇంత సేపటిలో పూర్తి కాకపోతే విఫలం అని గడువు పెట్టడం మరవవద్దు. గడువు లేని తనిఖీ డేటాబేస్‌తో పాటు తానూ బిగుసుకుపోయి కూర్చుంటుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. ఇదే పట్టికను రెప్లికాలో చదివితే అది ఎంత వెనకబడిందో కూడా తెలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ చూపించే సెకండ్స్ బిహైండ్ సోర్స్ అంకెను ఒక్కదాన్నే నమ్మవద్దు. నెట్‌వర్కు నెమ్మదిగా ఉన్నప్పుడు, అందినంత మేరకు రెప్లికా పని పూర్తి చేసి సున్నా చూపించే అవకాశం ఉంది. పెర్కోనా వారి పీటీ హార్ట్‌బీట్ సరిగ్గా ఈ సమయం రాసే పనే చేస్తుంది, నువ్వు కోడు రాయనక్కరలేదు. రెండు సర్వర్ల గడియారాలూ ఒకటిగా నడిచేలా మాత్రం చూసుకో, లేకపోతే లేని జాప్యం కనిపిస్తుంది.

ఈ తనిఖీకి రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజరు) పాస్‌వర్డు ఇవ్వవద్దు. వేరే యూజరును సృష్టించి, మైఎస్‌క్యూఎల్‌లో అయితే సర్వర్, రెప్లికాల స్థితి చూసే ప్రాసెస్, రెప్లికేషన్ క్లయింట్ హక్కులు, ఆ ఒక్క పట్టిక మీద చదివే, రాసే హక్కు, రెండు మూడు కనెక్షన్లకు మించని పరిమితి ఇవ్వు. పోస్ట్‌గ్రెస్‌లో దీనికోసమే పదో వెర్షన్ నుంచి పీజీ మానిటర్ అనే రోల్, అంటే తయారుగా ఉన్న హక్కుల మూట, ఉంది.

తనిఖీ ఎక్కడి నుంచి జరగాలన్నది దీనంత ముఖ్యం. డేటాబేస్ ఉన్న యంత్రం మీదే పర్యవేక్షణ పెడితే రెండూ కలిసే పోతాయి. కరెంటు పోయినప్పుడు ప్లాంటులో ఏం జరుగుతుందో ఒకసారి నిలబడి చూడు. సర్వర్‌కు యూపీఎస్ ఉంటుంది, గేటు దగ్గరి కంప్యూటర్‌కూ ఉంటుంది, మధ్యలో గోడకు వేలాడే నెట్‌వర్కు స్విచ్‌ను మాత్రం మామూలు ప్లగ్గులో పెట్టి ఉంటారు. జనరేటర్ అందుకునేదాకా సర్వర్ గదిలో అన్నీ పచ్చగానే, గేటు దగ్గర అంతా చీకటే. కాబట్టి ఒక తనిఖీ గేటు వైపు నుంచి నడవాలి. ఇంకో కన్ను ప్లాంటు బయట ఉండాలి, నెలకు కొద్దిపాటి అద్దెకు దొరికే క్లౌడ్ యంత్రమైనా సరే. దానికోసం 3306 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచావంటే మాత్రం నేనే బస్సెక్కి వచ్చి మూస్తాను. లోపలి నుంచే నిమిషానికోసారి "ఉన్నాను" అని బయటికి కబురు వెళ్ళాలి, కబురు ఆగితే బయటి యంత్రం ఫోన్ చేయాలి. అప్టైమ్ కూమా లాంటి చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ పద్ధతి ఉంది.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి. నాగియోస్ 1999లో నెట్‌సెయింట్ అనే పేరుతో పుట్టింది. ముఖం పాతదే కానీ దాని ఏర్పాటు ఇప్పటికీ పనికొస్తుంది: ఏ స్క్రిప్టయినా 0 ఇస్తే బాగుంది, 1 హెచ్చరిక, 2 ప్రమాదం, 3 తెలియదు. 2009లో దాని నుంచి చీలిన ఐసింగా కూడా ఇదే భాష మాట్లాడుతుంది, కాబట్టి నువ్వు రాసిన తనిఖీ వృథా పోదు. ప్రొమీథియస్‌ను 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలుపెట్టారు. ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడివిడి పొట్లాలుగా నడిపే చోట దానికి సాటి లేదు. దానిలో కొత్తవాళ్ళు తరచుగా పడే గొయ్యి ఒకటి ఉంది. "అప్" అనే కొలత 1 చూపిస్తే డేటాబేస్ కొలతలు తెచ్చి ఇచ్చే ఎక్స్‌పోర్టర్ అనే చిన్న ప్రోగ్రాము పలికిందని అర్థం, డేటాబేస్ పలికిందని కాదు. డేటాబేస్ సంగతి "మైఎస్‌క్యూఎల్ అప్" అనే వేరే కొలత చెబుతుంది. హెచ్చరిక మొదటిదాని మీదే పెట్టి నిద్రపోయినవాళ్ళను చూశాను. పైగా హెచ్చరికలు పంపే అలర్ట్‌మేనేజర్ వేరు, గ్రాఫులు గీసే గ్రాఫానా వేరు, అన్నీ నువ్వే అతకాలి.

జాబిక్స్ లాట్వియా నుంచి 2001లో వచ్చింది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లకు తయారుగా ఉన్న టెంప్లేట్లు, గ్రాఫులు, హెచ్చరికలు, నిర్వహణ వేళలు అన్నీ ఒకే చోట ఉంటాయి. దాని సొంత సమాచారం దాచుకోవడానికి దానికీ ఒక డేటాబేస్ కావాలి. దాన్ని తీసుకెళ్ళి మీ లాట్‌ల సర్వర్ మీదే పెట్టవద్దు. మీకున్నవి ఒక ప్రధాన సర్వర్, ఒక రెప్లికా, చూసుకునేది నువ్వొక్కదానివి. నా మాట అయితే జాబిక్స్, దానికి తోడు బయట ఆ చిన్న కన్ను. డబ్బు కట్టే సేవల జోలికి ఇప్పుడు వెళ్ళనక్కరలేదు. తప్పనిసరైతే యంత్రానికి ఎంత, సమాచారానికి ఎంత అని బిల్లు పద్ధతి ముందే అడుగు.

హెచ్చరికల స్థాయిల గురించి అడిగావు. గోదావరి మనకు ఎప్పుడో నేర్పిన పద్ధతే ఇది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఒక్కో అంకెకు ఒక్కో పని ఉంది: పడవలు ఆపడమా, లంకల వాళ్ళను లేపడమా అన్నది అప్పటికప్పుడు ఆలోచించరు. నీ హెచ్చరికలూ అలాగే ఉండాలి. డిస్కు 80 శాతానికి వస్తే ఉదయం చూసుకునే మెయిల్, 90కి ఎస్‌ఎంఎస్, రాత తనిఖీ వరుసగా మూడుసార్లు విఫలమైతే నిద్ర లేపే ఫోన్. చేయాల్సిన పని ఏమిటో చెప్పలేని హెచ్చరికను తీసెయ్. ఇంకో సంగతి: 2022 జూలైలో వరద వచ్చినప్పుడు మనం ధవళేశ్వరం అంకె కోసం ఆగలేదు, ఎగువన భద్రాచలంలో 53 అడుగులు దాటిందనగానే సర్దుకోవడం మొదలుపెట్టాం. డేటాబేస్‌కూ భద్రాచలం ఉంటుంది. డిస్కు ఇదే వేగంతో నిండితే ఎప్పటికి పూర్తవుతుందో జాబిక్స్‌లో టైమ్‌లెఫ్ట్, ప్రొమీథియస్‌లో ప్రిడిక్ట్ లీనియర్ లెక్కగట్టి చెబుతాయి. కొనే ముందు, పెట్టే ముందు ఈ వసతి ఉందో లేదో చూడు.

మేనేజరుగారు 99.99 శాతం కావాలన్నారని రాశావు. అంటే ఏడాది మొత్తం మీద దాదాపు 52 నిమిషాలే ఆగవచ్చు. అయిదు నిమిషాలకోసారి తనిఖీ చేసి, మూడు వైఫల్యాల తరువాత ఫోన్ మోగేలా పెడితే, నీకు కబురు అందేసరికే పది పదిహేను నిమిషాలు పోతాయి. అలాంటివి నాలుగు జరిగితే ఏడాది కోటా అయిపోవచ్చు, నువ్వింకా లాగిన్ కూడా అయి ఉండవు. 99.9 అయితే ఎనిమిదిమ్ముప్పావు గంటలు. ఒక మనిషి, రెండు సర్వర్లతో నిజాయితీగా ఒప్పుకోగలిగింది అదే. ఆ లెక్క ఆయనకు కాగితం మీద చూపించు.

చివరి ఎంపిక పట్టిక చూసి చేయవద్దు. రెండు సాఫ్ట్‌వేర్లను పక్కపక్కన పెట్టి, సరుకు రాని రోజున మేనేజరు అనుమతితో నువ్వే వాటిని పరీక్షించు. డేటాబేస్ సర్వీసు ఆపు. కనెక్షన్లన్నీ నింపు. రెప్లికా కేబుల్ పీకు. స్విచ్ కరెంటు తీసెయ్. ప్రతిసారీ ఏది ముందు మోగింది, ఏది అసలు మోగలేదు, ఒక్క స్విచ్ పోయినందుకు ఏది నలభై మెసేజీలు పంపి నీ ఫోన్ నింపింది అన్నది రాసుకో. ఇంటర్నెట్ తీసేసి కూడా చూడు. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమ వాణ్ణి కాబట్టి అడుగుతున్నాను: బ్రాడ్‌బ్యాండ్ పోయిన రాత్రి వాట్సాప్ హెచ్చరిక ఏ దారిన వస్తుంది? లోపలి యంత్రానికి సిమ్‌కార్డు వేసిన మోడెమ్ ఒకటి తగిలిస్తే, సెల్ టవరు ఉన్నంతవరకు ఎస్‌ఎంఎస్ అయినా కదులుతుంది.

ఇంకొక్కటి మిగిలింది. నువ్వు పంపిన కాగితాల్లో ఫోన్ మోగాల్సిన నంబరు ఒక్కటే ఉంది, అది నీది. రెండో నంబరు ఎవరిదో, పది నిమిషాల్లో నువ్వు ఎత్తకపోతే ఆ మనిషి ఏం చేయాలో, సర్వర్ గది తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందో రాయించి, మేనేజరుగారి సంతకం పెట్టించు. అది పూర్తయ్యాక జాబిక్స్ ఇన్‌స్టాల్ చేసే సంగతి ఫోన్‌లో మాట్లాడుకుందాం. అక్కను, బావను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య