గీతలు పూడిపోతున్నాయా?

ప్రశ్న: ఎనిమిదేళ్ల పిల్లలతో అచ్చు బొమ్మలు వేయిస్తున్నాను. థర్మోకోల్ పళ్లెం మీద పెన్సిల్‌తో గీసి, పోస్టర్ రంగు పూసి కాగితం అద్దితే గీతలు పూడిపోయి మరకే మిగులుతోంది. పేర్లు రాస్తే తిరగబడుతున్నాయి. చెక్కే ఉలి లేకుండా కుదరదా?

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. ఆ వయసులో చేతికి ఉలి ఇవ్వకండి. చిక్కంతా రంగు దగ్గరే. నొక్కిన గీత తెల్లగా మిగలాలి, చుట్టూ ఎత్తుగా ఉన్న భాగమే రంగు పట్టాలి. బ్రష్‌తో పూసిన పలచటి రంగు నేరుగా గాడిలోకి దిగుతుంది. నీళ్లు కలపని చిక్కటి రంగును కొద్దిగా తీసుకుని, నున్నటి ప్లాస్టిక్ పలక మీద వేసి, రబ్బరు రోలర్‌ను అటూ ఇటూ నడిపించండి. పొర పలచగా, సమంగా పరుచుకున్నాక రోలర్ కింద సన్నగా చిరచిరమంటుంది, అప్పుడే ఆ రోలర్‌ను గీసిన పళ్లెం మీద నడిపించాలి. ఆ చప్పుడు పిల్లల చెవులకు అలవాటు చేయండి, కొలతలు చెప్పడం కన్నా అదే మేలు. రంగు త్వరగా ఆరిపోతుంటే రెండు చుక్కల గ్లిజరిన్ కలపండి.

పెన్సిల్ మొన థర్మోకోల్‌ను చీలుస్తుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్ ఇవ్వండి, గాడి లోతుగా, శుభ్రంగా పడుతుంది. కాగితం పరిచాక చెంచా వీపుతో గుండ్రంగా రుద్దాలి. ఒక మూల వేలితో అదిమిపట్టి, ఎదుటి మూల ఎత్తి చూస్తే ఎక్కడ రంగు అంటలేదో తెలుస్తుంది. తిరిగి దించి అక్కడే ఇంకాస్త రుద్దొచ్చు.

పేర్లంటారా, పలచటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి, బోర్లించి పళ్లెం మీద పెట్టి, వెనక నుంచి కనిపించే అక్షరాల మీదే దిద్దించండి. అచ్చులో సరిగ్గా వస్తాయి.

ఒకే పళ్లెంతో ఐదు తీస్తే కింద పెన్సిల్‌తో 1/5, 2/5 అని వేయించి సంతకం పెట్టించండి. చిత్రకారులు చేసేదీ అదే.