డెబ్బై అయిదు వేలలో గేమింగ్ కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చదువుకూ గేములకూ పనికివచ్చే కంప్యూటర్ కావాలంటున్నాడు. మానిటర్‌తో కలిపి డెబ్బై అయిదు వేలకు మించి పెట్టలేను. ఒక దుకాణంవారు ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా), రంగుల లైట్లున్న క్యాబినెట్ కలిపి 32 వేలకే ఇస్తామని, మిగిలిన డబ్బుతో పెద్ద 4కే మానిటర్ తీసుకొమ్మని కొటేషన్ రాసిచ్చారు. అబ్బాయి ససేమిరా వద్దంటున్నాడు. ఆ కొటేషన్ జతచేస్తున్నాను. ఎవరి మాట వినాలి?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అబ్బాయి మాటే వినండి. కొటేషన్‌లో ఐ7 అన్న పెద్ద అక్షరాల పక్కన 3770 అని చిన్నగా రాసి ఉంది. అసలు సంగతి ఆ అంకెలోనే ఉంది. ఆ ప్రాసెసర్ 2012లో మార్కెట్లోకి వచ్చింది. దానికి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి సాగే పని వరుసలు). 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కూ సరిగ్గా అన్నే ఉన్నాయి కాని, ఒక్కో కోరు పనితనంలో పాతది దీని దరిదాపులకు కూడా రాదు. పైగా విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరానికి ముందు వచ్చిన దాదాపు ఏ ఇంటెల్ ప్రాసెసర్‌పైనా నడవదు, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పిల్లలు ఎక్కువగా ఆడే వాలరెంట్ వంటి గేము విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అన్న భద్రతా ఏర్పాట్లు ఉంటే తప్ప తెరుచుకోదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మాట ఈ ఐ7కు అతికినట్టు సరిపోతుంది.

కొటేషన్‌లోని గ్రాఫిక్స్ కార్డు జీటీ 730. అది 2014 నాటిది. కొత్త గేములకు తగిన డ్రైవర్లు ఇవ్వడం దాని తయారీదారు ఎప్పుడో మానేశారు. దాని మీద 4 జీబీ అని ఉన్నంత మాత్రాన అది మంచి కార్డు కాదు, ఎందుకంటే ఆ మెమరీ నిదానంగా పనిచేసే రకం, ఆ మెమరీని వాడుకోగల శక్తి ఆ చిప్‌కూ లేదు. దీనికి 4కే మానిటర్ తగిలించమనడం మరీ విడ్డూరం. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద సుమారు ఇరవై లక్షల డెబ్బై వేల చుక్కలుంటే 4కే తెర మీద దానికి సరిగ్గా నాలుగు రెట్లుంటాయి, ఆ చుక్కలన్నిటికీ సెకనుకు కనీసం అరవై సార్లు రంగు నింపవలసింది గ్రాఫిక్స్ కార్డే.

కాబట్టి లెక్క మానిటర్ నుంచి మొదలుపెట్టండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ తెర (పక్క నుంచి చూసినా రంగులు మారనిది), కనీసం 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) ఉన్నది ఎంచుకుంటే మీ బడ్జెట్‌కు అది సరైన హద్దు. ఆ హద్దు ఖాయమయ్యాక మొత్తంలో దాదాపు మూడో వంతు గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించాలి. ధరలు నెలనెలా మారుతున్నాయి గనుక రూపాయల్లో కాక వాటాల్లో చెబుతున్నాను. గేములే ముఖ్యమైతే 8 జీబీ మెమరీ ఉన్న ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6600 ఈ తెరకు చక్కగా సరిపోతుంది. మీ అబ్బాయి మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులు కూడా చేయబోతుంటే మాత్రం ‘కూడా’ (CUDA) అన్న ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్ అవసరమవుతుంది, అది ఎన్‌విడియా కార్డుల మీదే నడుస్తుంది. అప్పుడు గేముల్లో ఒక మెట్టు తగ్గినా ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 3050 తీసుకోవడం న్యాయమే. అయితే ఒక జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 8 జీబీ కార్డూ ఉంది, 2024లో వచ్చిన 6 జీబీ కార్డూ ఉంది. రెండింటికీ తేడా 2 జీబీయే అని దుకాణంలో చెబుతారు కాని, చిన్నదానిలో కోర్లు తక్కువ, మెమరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96 బిట్లకు తగ్గింది. బిల్లు మీద కార్డు పేరు మాత్రమే కాక పూర్తి మోడల్ నంబరు రాయించుకోండి.

ప్రాసెసర్ విషయంలో నా ఓటు ఆరు కోర్ల రైజెన్ 5 5600కు, దానికి జతగా బీ550 మదర్‌బోర్డుకు. ఇది ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), అంటే 2016 నాటి సాకెట్. దీని తరువాతి తరమైన ఏఎం5 తీసుకుంటే మున్ముందు ప్రాసెసర్ మార్చుకునే వీలుంటుందన్న మాట నిజమే. కాని ఏఎం5లో డీడీఆర్5 ర్యామ్ తప్ప మరొకటి పట్టదు. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుండడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. డీడీఆర్4 ధర కూడా పెరిగింది; అయినా ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో మూలనపడిన డెస్క్‌టాప్‌లో డీడీఆర్4 ర్యామ్ దొరికే అవకాశముంది, దొరికితే మొహమాటపడకుండా వాడుకోండి. కొత్తది కొంటే 16 జీబీని ఒకే ముక్కగా కాక 8 జీబీ ముక్కలు రెండు తీసుకుని, నాలుగు స్లాట్ల బోర్డులో రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టించండి. డబ్బా మీద 3200 అని ఉన్నా బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే అమరికల ప్రోగ్రాంలో) ఎక్స్‌ఎంపీ అన్న అమరికను ఆన్ చేసేదాకా అది చాలా బోర్డుల్లో అంతకంటే తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఇది పైసా ఖర్చు లేని పనైనా చాలా దుకాణాలు చేయకుండానే సిస్టమ్ అప్పగిస్తాయి.

హార్డ్ డిస్క్ బదులు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (మదర్‌బోర్డుకే తగిలించే, చాలా వేగమైన నిల్వ) తీసుకోండి, 500 జీబీ అయినా ఫరవాలేదు. దీని మీద ఇంతకంటే ఆలోచించనక్కరలేదు.

ఆలోచించవలసిందల్లా ఎస్‌ఎంపీఎస్ గురించే. బేరం ఆడేటప్పుడు దుకాణదారు మొదట కోత పెట్టేది దీని మీదే, కొనేవాళ్లు పట్టించుకోనిదీ దీన్నే. కొటేషన్‌లోని 500 వాట్ల డబ్బాను చేతిలోకి తీసుకుని పక్కనున్న లేబుల్ చదవండి. అందులో +12 వోల్టులు అని ఒక గడి ఉంటుంది, దాని కింద ఆంపియర్లు ఉంటాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా కరెంటు తీసుకునేది ఈ 12 వోల్టుల తీగల నుంచే. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే 12ను 18తో గుణించగా వచ్చేది 216 వాట్లే. డబ్బా మీద ఎంత రాసినా అసలు పనికి అందేది అంతే. నిజమైన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఇదే గడిలో దాదాపు 45 ఆంపియర్లు కనిపిస్తాయి. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, ప్రాసెసర్‌కు అటూఇటుగా 75 వాట్లు, మిగతా భాగాలకు కొంత వేసుకున్నా మీ సిస్టమ్ మూడు వందల వాట్లు దాటదు. అందుచేత పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తు) ఉన్నది, అయిదేళ్ల వారంటీతో వచ్చే 550 వాట్లది తీసుకుంటే రేపు కార్డు మార్చినా దీన్ని మార్చనక్కరలేదు. కార్డుకు కావలసిన 8 పిన్నుల తీగ నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచే రావాలి. పాత హార్డ్ డిస్క్ తీగలకు కన్వర్టర్ తగిలించి పని కానిస్తామంటే ఒప్పుకోవద్దు. వేడికి కరిగేవి అవే.

కొనే చోటు గురించి మీరు అడగలేదు కాని, ఒక్క మాట. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే ఎంపిక ఎక్కువ, ధరలో తేడా కూడా ఉండవచ్చు. హనుమకొండలోనే కొంటే ఏదైనా ఆగిపోయినప్పుడు నిలదీయడానికి మనిషి దగ్గరలో ఉంటాడు. ఎక్కడ కొన్నా ప్రతి భాగానికీ సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి, ఖాళీ డబ్బాలు పారేయకండి. ఇంటికి తెచ్చాక మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. రైజెన్ 5 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు కనుక మదర్‌బోర్డుకు పెడితే తెర నల్లగానే ఉంటుంది. సిస్టమ్ పాడైందని మొదటి రోజే దుకాణానికి మోసుకెళ్లేవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: మాది గోదావరిఖని. రెండేళ్ల కిందట చేయించుకున్న సిస్టమ్ చలికాలంలో బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గేము మధ్యలో నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. క్యాబినెట్ ముందువైపు మొత్తం గాజు పలకే. లిక్విడ్ కూలర్ పెట్టించుకొమ్మని స్నేహితుడు చెబుతున్నాడు. పెట్టించమంటారా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: ఇప్పుడే వద్దు. లిక్విడ్ కూలర్ కూడా చివరకు గదిలోని గాలితోనే చల్లబరచాలి. గదిలో 42 డిగ్రీలుంటే అది అంతకంటే కిందికి దించలేదు. ప్రాసెసర్లు సాధారణంగా 90 నుంచి 100 డిగ్రీల మధ్య తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, ఇంకా వేడెక్కితే ఆరిపోతాయి. మీరు చెప్పిన లక్షణాలు అవే. ముందు క్యాబినెట్ పక్క తలుపు తీసి అరగంట అదే గేము ఆడి, ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంకెలు గమనించండి. తలుపు తీయగానే బాగా తగ్గితే తప్పు కూలర్‌ది కాదు, ముందువైపున్న గాజుది. లోపలి ఫ్యాన్లు ఎంత తిరిగినా వాటికి గాలి అందడం లేదన్నమాట. లిక్విడ్ కూలర్‌కు పెట్టే డబ్బులో సగం కంటే తక్కువకే ముందువైపు జాలీ, దాని వెనుక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ వస్తుంది.

మీ ఊళ్లో ఫిల్టర్ తప్పనిసరి. బొగ్గు గనుల ధూళి మెత్తగా ఉండి కూలర్ రెక్కల మధ్య పొరలా పేరుకుంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఇదే పని పత్తి నూగు చేస్తుంది. ముందు ఫ్యాన్లు రెండు గాలిని లోపలికి లాగేలా, వెనుక ఒకటి బయటికి తోసేలా అమర్చితే లోపలికి వచ్చే గాలి ఎక్కువై సందుల్లోంచి దుమ్ము చొరబడడం తగ్గుతుంది. ఉగాదికి ముందు ఒకసారి, దసరాకు ఒకసారి బ్లోయర్‌తో శుభ్రం చేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. రెండేళ్లయింది కనుక ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కు చేరవేసే పూత) కూడా ఈసారి మార్పించండి. ఇవన్నీ చేశాకా, అంకెలు మామూలుగానే ఉండగా సిస్టమ్ ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి.

ప్రశ్న: మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. గేమింగ్ కంప్యూటర్‌ను దాని మీద నడపవచ్చా, విడిగా యూపీఎస్ కావాలా? ఇంకొక సంగతి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుంది. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, మహబూబాబాద్

జవాబు: మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే నడపవద్దు, ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఆ కరెంటు సరిపడదు. సైన్ వేవ్ (ఇంటి కరెంటు లాంటి కరెంటునిచ్చే) ఇన్వర్టరైనా కరెంటు పోయిన క్షణంలో మారడానికి తీసుకునే జాగుకు కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు, కనుక ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి. విడిగా కొనేటట్లయితే వీఏ అంకెను వాట్లుగా భ్రమపడకండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తుంది. చేస్తున్న పని సేవ్ చేసి ఆపుకోవడానికి చాలు గాని ఆట కొనసాగించడానికి కాదు.

జిల్లుమనడం మాత్రం తేలికగా తీసుకోకూడదు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి, మీ ప్లగ్గులో ఆ దారి లేదని దీని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో పరీక్షించి సరిచేయించండి. అప్పటిదాకా రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుల మీద ఆ కంప్యూటర్‌ను నడపకండి, క్యాబినెట్ తెరిచే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయండి.